ఆపరేషన్‌లో గొంతులో గొట్టం వేస్తారా? ముందే చూసుకోవలసినవి

మత్తులో ఉన్నప్పుడు ఊపిరి అందించే ఆ గొట్టం స్వరతంతువుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది. దాని కొసన ఉన్న చిన్న గాలిబుడగ నాళం గోడకు ఆనుకొని ఉంటుంది. ఈ రాపిడికి, ఒత్తిడికి చాలామందికి రెండు మూడు రోజులు గొంతు మండుతుంది.

• మత్తు డాక్టరుతో ముందే మాట్లాడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. జలుబు, దగ్గు, ఆస్తమా, కదిలే పళ్లు, గతంలో గొట్టం వేయడం కష్టమైన సంగతి, ఏదీ దాచవద్దు. పాటో పాఠమో మీ జీవనాధారమైతే అదీ చెప్పండి. వీలైతే సన్నని గొట్టం ఎంచుకుంటారు. బుడగ ఒత్తిడిని కొలిచి, సాధారణంగా 20–30 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడికి సమానంగా ఉంచుతారు.

• పొగ మానండి, ఎంత ముందైతే అంత మేలు.

• కట్టుడు పళ్లు తీసి ఇంటివారి చేతికివ్వండి.

• మంచినీళ్లు ఎప్పటివరకు తాగవచ్చో అడగండి. చాలాచోట్ల 2 గంటల ముందువరకు అనుమతిస్తారు. అనవసరంగా గొంతు ఎండబెట్టుకోవద్దు, గడువు దాటాక మాత్రం గుక్కెడు కూడా వద్దు.

• మెలకువ వచ్చాక, నర్సు సరేనన్నాకే కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. గుసగుసలూ గొంతుకు శ్రమే, సైగలు చాలు.

• ఊపిరి ఆడకపోయినా, రక్తం పడినా వెంటనే చెప్పండి. బొంగురు వారం దాటితే డాక్టరుకు చూపించండి.