ఆగిపోయిన టెన్నిస్ టోర్నీ చరిత్రను తవ్వి తీయడం ఎలా

టోర్నీ పేరుతో వెతకడం మొదలుపెట్టకండి, ఊరూ నెలా పట్టుకోండి. స్పాన్సర్ మారితే పేరు మారిపోతుంది, ఆడే వారం మాత్రం అంత త్వరగా మారదు. ఆ రోజుల పాత పేపర్లలో క్రీడల పేజీ తిరగేయండి.

స్కోరు నిదానంగా చదవండి. 14-12 లాంటి సెట్ కనిపిస్తే అది చాలావరకు టైబ్రేక్ (గేములు సమమైనప్పుడు ఒకే ఒక్క గేమ్‌తో సెట్ తేల్చే పద్ధతి) రాకముందుది, యూఎస్ ఓపెన్‌లోనే అది 1970లో వచ్చింది. ఇంకా పాత టోర్నీల్లో చాలాచోట్ల ఛాలెంజ్ రౌండ్ ఉండేది, అంటే నిరుటి విజేత నేరుగా ఆఖరి మ్యాచే ఆడేవాడు (వింబుల్డన్‌లో 1922లో తీసేశారు), కాబట్టి డ్రాలో (ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టికలో) అతని పేరు లేదని కంగారు పడొద్దు.

మహిళల విషయంలోనే నాకు నిజంగా బాధ. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుతో రాసేవాళ్లు, దాంతో ఒకే విజేత ఇద్దరిలా కనిపిస్తుంది. మీ జాబితాలో రెండు పేర్లూ పక్కపక్కనే రాయండి.