మీటరు ముల్లు పచ్చలో ఉంటే సరిపోతుందా?

అపార్ట్‌మెంట్లలో, దుకాణాల్లో గోడకు కనిపించే మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఎక్కువగా ఏబీసీ పొడి రకానివి, అంటే కట్టె, కాగితం లాంటివాటి మంటలకూ, నూనె, గ్యాసు మంటలకూ పనికొచ్చేవి. లోపల మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ పొడి, దాన్ని బయటికి తోయడానికి నైట్రోజన్ ఉంటాయి. మీటరు ముల్లు చెప్పేది ఆ గ్యాసు సంగతి ఒక్కటే. అందుకే నెలనెలా చూసేటప్పుడు ముల్లుతో మొదలుపెట్టండి, అక్కడితో ఆపేయకండి.

ముల్లు ఎడమవైపు ఎరుపులోకి జారింది

గ్యాసు కారిపోయింది. చాలాసార్లు దీనికి కారణం ఎవరో "పనిచేస్తుందా" అని ఒకసారి నొక్కి చూడటమే. వాల్వులో పొడి రేణువులు ఇరుక్కుంటే అది మళ్లీ పూర్తిగా మూసుకోదు. కొద్దిగా వాడినా సరే, రీఫిల్ చేయించాల్సిందే. లోపల సుమారు 15 బార్ల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి ఆరేడు రెట్లు. సొంతంగా విప్పే ప్రయత్నం చేయవద్దు.

ముల్లు కుడివైపు ఎరుపులో ఉంటే సిలిండర్‌కు ఎండో, పొయ్యి వేడో తగులుతోందేమో చూడండి. నీడకు మార్చి చల్లారనివ్వండి. అప్పటికీ దిగకపోతే గ్యాసు ఎక్కువ నింపారన్నమాట.

ముల్లు పచ్చలోనే ఉంది, లోపల కదలిక లేదు

అసలు చిక్కు ఇక్కడే. సిలిండర్‌ను మెల్లగా తలకిందులు చేస్తే పొడి జారడం చేతికి తెలియాలి. తెలియలేదంటే అడుగున గట్టిపడి ఉంటుంది. నింపేటప్పుడు చేరిన తేమ ఒక కారణం, లారీల్లో, బస్సుల్లో అయితే ఎడతెగని కుదుపులు. అప్పుడు మీట నొక్కితే గ్యాసు బుస్సుమని పోతుంది, పొడి మాత్రం లోపలే ఉండిపోతుంది. అడుగున అరచేత్తో తట్టి మళ్లీ తిప్పి చూడండి. కదలకపోతే పొడి మార్పించాలి. విప్పి చూడకుండా కొత్త స్టిక్కర్ అతికించి వెళ్లే సర్వీసుకు డబ్బు దండగ.

పిన్ను రావడం లేదు

మీట పొరపాటున నొక్కుకోకుండా ఆపే ఈ పిన్ను తుప్పు పట్టి ఉండవచ్చు. పిల్లలు లాగుతారని కట్టుతీగ చుట్టేవాళ్లూ ఉన్నారు! తీగ తీసేసి, లాగగానే తెగే ప్లాస్టిక్ సీలు వేయించండి.

గొట్టం మూసుకుపోయింది

నాజిల్‌లోకి టార్చి వేసి చూడండి. కందిరీగల మట్టిగూడు కనిపిస్తే పుల్లతో తీసేయండి. గొట్టం పగుళ్లు తేలి ఉంటే మార్చండి.

అడుగున తుప్పు

నేల మీద పెడితే తడిగుడ్డ నీళ్లన్నీ దానికే. బ్రాకెట్‌కు తగిలించండి. రేకు పొక్కులు తేలితే రంగు వేసి కప్పిపుచ్చకండి, ఒత్తిడి పరీక్షకు పంపండి. తుప్పు లేకపోయినా పొడి సిలిండర్లకు 3 ఏళ్లకోసారి ఆ పరీక్ష తప్పదు.

అసలు మీటరే లేదు

అది చాలావరకు కార్బన్ డయాక్సైడ్ రకం అయి ఉంటుంది. కాటా మీద పెట్టి, సిలిండర్ మీద ముద్రించిన పూర్తి బరువుతో పోల్చండి. గ్యాసు పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే, అంటే 4.5 కిలోల దానిలో 450 గ్రాములు దాటితే, రీఫిల్‌కు ఇవ్వండి. అది తిరిగి వచ్చేదాకా కొక్కెం ఖాళీగా ఉంచకుండా బదులు సిలిండర్ అడిగి తీసుకోండి.