వ్యాన్లకూ కార్లకూ పనికొచ్చే ఒకే డీజిల్ ఇంజిన్ కుటుంబాన్ని రూపొందించే విధానం

ఒకే మూల నిర్మాణం నుంచి రెండు మూడు పరిమాణాల డీజిల్ ఇంజిన్లను తయారుచేసి, వాటిని సరుకు మోసే వ్యాన్లకూ, ప్రయాణికుల కార్లకూ అమర్చడం యూరప్ తయారీదారులు దశాబ్దాలుగా అనుసరిస్తున్న పద్ధతి. కొత్త బ్లాకుకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండేనికి), కొత్త సిలిండర్ హెడ్‌కు (దాని పై మూతకు) కావలసిన అచ్చులు, యంత్రాలు, పరీక్షల ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి ఆ ఖర్చును వీలైనన్ని వాహనాల మీదికి సర్దడమే దీని వెనుక ఉన్న ఆర్థిక తర్కం. అయితే ఖర్చు పంచుకోవాలన్న తొందరలో అన్ని భాగాలనూ ఒకే రకంగా చేయబోతే పని చెడుతుంది. ఏ కొలతలు ఎప్పటికీ కదలకూడదో, ఏ భాగాలను వాహనాన్ని బట్టి మార్చుకునే వీలు ఉంచాలో ముందుగానే తేల్చుకోవాలి. యాంత్రిక బలాన్ని వ్యాన్ అవసరాన్ని బట్టి, శబ్దం, కంపనం తక్కువగా ఉండే మృదుత్వాన్ని కారు అవసరాన్ని బట్టి నిర్ణయించాలన్నది నా అభిప్రాయం. కారు కోసం చేసిన ఇంజిన్‌ను తర్వాత వ్యాన్ కోసం బలపరచబోతే దాదాపు ప్రతి భాగాన్నీ తిరిగి ముట్టుకోవలసి వస్తుంది.

మొదటి గీత గీయకముందే ఇంజిన్ చేయబోయే చాకిరీని లెక్క వేయాలి. కారు ఇంజిన్ తన జీవితంలో ఎక్కువ భాగం తేలికపాటి భారంతోనే తిరుగుతుంది. పూర్తి శక్తి అవసరమయ్యేది ముందున్న వాహనాన్ని దాటేటప్పుడో, ఎత్తు ఎక్కేటప్పుడో మాత్రమే. నిండుగా సరుకు వేసుకున్న ఎత్తైన వ్యాన్ మాత్రం గాలిని తోసుకుంటూ హైవే మీద గంటల తరబడి పూర్తి భారానికి దగ్గరగా పనిచేస్తుంది. అదే వ్యాన్ నగరంలో పార్సిళ్లు అందించే పనిలో ఉంటే రోజంతా ఆగుతూ, కదులుతూ, సరిగా వేడెక్కకుండానే తిరుగుతుంది. ఏ వేగం వద్ద ఎంత టార్క్ (తిప్పే బలం) ఎన్ని గంటలపాటు కావాలో ఈ మూడు వాడకాలకూ విడివిడిగా పట్టిక వేసుకోవాలి. వ్యాన్‌కు 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పరిసరాల్లోనే గట్టి టార్క్ కావాలి. కారు 4,000 ఆర్‌పీఎం దగ్గర కూడా నీరసించకుండా లాగాలి.

ఆ పట్టిక చేతికి వచ్చాక తీసుకోవలసిన నిర్ణయాల్లో అన్నిటికన్నా బరువైనది సిలిండర్ పరిమాణం, దానితోపాటు పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం. బ్లాకును తొలిచే యంత్రాలు, హెడ్ బోల్టుల అమరిక, బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే గాస్కెట్, క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల స్థానాలు అన్నీ ఆ దూరానికి కట్టుబడి ఉంటాయి కనుక, ఒకసారి ఖాయమైన తర్వాత దానిని మార్చడమంటే మరో ఇంజిన్ చేయడంతో సమానం. ఈ తరగతి వాహనాల డీజిల్‌కు ఒక్కో సిలిండర్ సుమారు 500 ఘన సెంటీమీటర్లు ఉండడం బాగా నప్పుతుంది. అంతకంటే బాగా తగ్గితే పరిమాణంతో పోల్చినప్పుడు గోడల వైశాల్యం పెరిగి వేడి వృథా అవుతుంది, ఇంధన తుంపర కూడా గాలిలో కలిసేలోపే గోడకు తగులుతుంది.

ఇందుకు మెర్సిడెస్-బెంజ్ 1980వ దశకంలో తెచ్చిన ఓఎం 601, 602, 603 ఇంజిన్లు చక్కని పాఠం. మూడింటికీ బోర్ (సిలిండర్ వ్యాసం) 87 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 84 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లతో 1,997, అయిదింటితో 2,497, ఆరింటితో 2,996 ఘన సెంటీమీటర్లు వచ్చాయి. తర్వాత వ్యాన్లకు ఎక్కువ టార్క్ కావలసి వచ్చినప్పుడు అదే కుటుంబంలో బోర్‌ను 89కి, స్ట్రోక్‌ను 92.4కి పెంచి నాలుగు సిలిండర్లతో 2,299, అయిదింటితో 2,874 ఘన సెంటీమీటర్ల ఇంజిన్లను స్ప్రింటర్ వ్యాన్‌కు అమర్చారు. ఫోర్డ్ 2000లో కొత్త ట్రాన్సిట్ వ్యాన్‌తోనూ, మాండియో కారుతోనూ తెచ్చిన డ్యూరాటార్క్ కుటుంబం మరో దారి తొక్కింది. అందులో 2.0 లీటర్లకు బోర్, స్ట్రోక్ రెండూ 86. తర్వాత వచ్చిన 2.2కు బోర్ అదే ఉంచి స్ట్రోక్‌ను 94.6 చేశారు, 2.4కు స్ట్రోక్ 94.6 గానే ఉండగా బోర్ 89.9 అయింది. పక్కపక్క పరిమాణాలకు ఏదో ఒక కొలత ఉమ్మడిగా ఉండేలా చూసుకుంటే దహనంలోనో, క్రాంక్‌లోనో ఒక ఇంజిన్‌పై చేసిన కృషి రెండోదానికి పనికొస్తుంది.

బోర్ ఇంకో మిల్లీమీటర్ పెంచుదామన్న సూచన సమావేశాల్లో తేలిగ్గా వినిపిస్తుంది గానీ, ఆ మిల్లీమీటర్ వచ్చేది రెండు సిలిండర్ల మధ్య ఉన్న గోడ నుంచే. ఆ గోడ మీదే గాస్కెట్ నిలవాలి, అందులోంచే వేడి పోవాలి. కుటుంబంలోని అతి పెద్ద ఇంజిన్‌కు కూడా అక్కడ మిగులు ఉండేలా దూరాన్ని మొదటే నిర్ణయించాలి.

తర్వాతి మెట్టు కింది భాగం, అంటే బ్లాకు, క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు. 86 మిల్లీమీటర్ల పిస్టన్ వైశాల్యం సుమారు 58 చదరపు సెంటీమీటర్లు. దహన సమయంలో పీడనం 180 బార్‌కు (మామూలు గాలి పీడనానికి సుమారు 180 రెట్లకు) చేరితే ప్రతి పేలుడుకూ ఆ పిస్టన్ మీద 10 టన్నులకు మించిన బలం పడుతుంది. కుటుంబం మార్కెట్లో ఉండే పది పదిహేనేళ్లలో శక్తి పెంచమని తప్పకుండా అడుగుతారు కాబట్టి, తొలి ఇంజిన్‌కు 150 బార్ చాలినా కింది భాగాన్ని 180కి గీయడం మంచిది. స్ట్రోక్ విషయంలో పిస్టన్ సగటు వేగాన్ని లెక్కించి చూడాలి: 94.6 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 4,000 ఆర్‌పీఎం వద్ద అది సెకనుకు 12.6 మీటర్లు, 86తో 4,500 వద్ద 12.9 మీటర్లు. పొడవైన స్ట్రోక్ వ్యాన్‌కు, పొట్టిది కారుకు సహజంగా ఎందుకు కుదురుతాయో ఈ లెక్కలోనే తెలుస్తుంది. బ్లాకుకు పోత ఇనుము బరువైనా దృఢమైనది, చవకైనది. అల్యూమినియం అసాధ్యమేమీ కాదు; 2016లో వచ్చిన మెర్సిడెస్ ఓఎం 654లో అల్యూమినియం బ్లాకుకు ఉక్కు పిస్టన్లను, సిలిండర్ గోడలకు ప్రత్యేక లోహపు పూతను జోడించారు. అయితే ఆ దారికి పూత వేసే సాంకేతికత, దానికి పెట్టుబడి రెండూ ముందే చేతిలో ఉండాలి.

ఇంజిన్‌ను వాహనంలో ఎలా పడుకోబెడతారన్నది చాలామంది ఆలస్యంగా ఆలోచించే విషయం. 2000 నాటి ట్రాన్సిట్‌లో ముందు చక్రాలను నడిపే రకానికి ఇంజిన్ అడ్డంగా, వెనుక చక్రాలను నడిపే రకానికి వాహనం పొడవునా ఉండేది. ఒకే బ్లాకు రెండు విధాలా ఇమడాలంటే ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఆయిల్ పీల్చే గొట్టం, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) స్థానం, మౌంట్లు, నీటి గొట్టాలు విడివిడి భాగాలుగా ఉండాలి. బ్లాకు మీద మాత్రం రెండు అమరికలకూ కావలసిన బోల్టు దిమ్మెలను మొదటి అచ్చులోనే పోత పోయించాలి. క్యామ్‌షాఫ్ట్ డ్రైవ్‌ను, అంటే వాల్వులను తెరిచే షాఫ్టును తిప్పే గొలుసు అమరికను, ఎక్కడ పెడతారో కూడా ఇక్కడే తేల్చాలి. 2008 నాటి ఓఎం 651లో దానిని ఫ్లైవీల్ వైపుకు మార్చారు. ముందు భాగం ఎత్తు తగ్గడం అందులోని లాభం. గొలుసు మార్చవలసి వస్తే చెయ్యి దూరని చోటు కావడం నష్టం. వర్క్‌షాపులో ఆగి ఉన్న ప్రతి రోజూ ఆదాయం పోయే వ్యాన్ యజమానికి ఈ రెండోది చిన్న విషయం కాదు.

దహనం సంగతికి వస్తే, 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ అధిక పీడనంతో ఇంధనాన్ని నిలవ ఉంచే ఉమ్మడి గొట్టం) కార్లలోకి వచ్చాక కుటుంబ నిర్మాణమే సులువైంది. అంతకుముందు ఇంజెక్షన్ పీడనం ఇంజిన్ వేగాన్ని బట్టి మారేది. కామన్ రైల్‌లో పీడనాన్ని, ఇంజెక్షన్ సమయాన్ని, ఒక్కో స్ట్రోక్‌కు ఎన్నిసార్లు చల్లాలన్నదాన్ని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. అందువల్ల హెడ్, ఇంజెక్టర్లు, పిస్టన్ మీది గిన్నె ఆకారం ఉమ్మడిగా ఉంచి, వ్యాన్‌కు చిన్న టర్బో, కారుకు పెద్ద టర్బో లేదా రెండంచెల టర్బో ఇచ్చి, మిగతా తేడాను క్యాలిబ్రేషన్‌లో (సాఫ్ట్‌వేర్ సర్దుబాట్లలో) తీసుకురావచ్చు. ప్రధాన ఇంజెక్షన్‌కు ముందు కొద్దిపాటి ఇంధనాన్ని చల్లడం వల్ల పీడనం మెల్లగా పెరిగి డీజిల్ టకటక శబ్దం తగ్గుతుంది. నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో క్రాంక్ వేగానికి రెండింతల తరచుదనంతో వచ్చే కంపనం మాత్రం సాఫ్ట్‌వేర్‌తో పోదు. దానికి రెట్టింపు వేగంతో తిరిగే బ్యాలెన్స్ షాఫ్టులు కావాలి. బ్లాకు కింద వాటికి చోటు వదిలి, కారుకు అమర్చి, చవకరకం వ్యాన్లకు మానేయవచ్చు.

కాలుష్య ప్రమాణాల దగ్గర కార్లు, వ్యాన్ల దారులు వేరవుతాయి. యూరప్ కాలుష్య ప్రమాణమైన యూరో 6లో డీజిల్ కారుకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 80 మిల్లీగ్రాములు కాగా, తేలికపాటి వాణిజ్య వాహనాల్లో బరువైన తరగతికి 125. ప్రామాణిక బరువు (పరీక్షల కోసం లెక్కించే, సరుకు లేని వాహనం బరువు) 2,610 కిలోలు దాటిన వ్యాన్‌ను సాధారణంగా వాహనంగా కాక, భారీ వాహనాల నిబంధనల ప్రకారం ఇంజిన్‌గా బెంచి మీద పరీక్షిస్తారు. ఈ రెండో దారిని ముందే లెక్కలో పెట్టుకోకపోతే పరీక్షల ఖర్చు చివరి ఏడాదిలో మీద పడుతుంది. మసి వడపోతను శుభ్రం చేయడానికి అదనపు ఇంధనం చల్లినప్పుడు కొంత ఆయిల్‌లోకి దిగి దానిని పలచన చేస్తుంది. చిన్న దూరాలు తిరిగే పార్సిల్ వ్యాన్లలో ఇది తీవ్రం. వడపోతను టర్బోకు వీలైనంత దగ్గరగా పెట్టి వేడి నిలిచేలా చూడడం, ఆయిల్ సంపు సామర్థ్యాన్ని పెంచడం దీనికి మందు. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేందుకు యూరియా ద్రవం చల్లే వ్యవస్థకు చోటును తొలి ప్రమాణం నాటికి అవసరం లేకపోయినా కేటాయించాలి.

పరీక్షలకు కుటుంబంలోని అన్ని ఇంజిన్లనూ సమానంగా పెట్టనక్కరలేదు. నిరంతర పూర్తి భార పరీక్షకు అత్యధిక టార్క్ ఉన్న వ్యాన్ ఇంజిన్‌ను, అధిక వేగ పరీక్షకు కారు ఇంజిన్‌ను ఎంచుకోవాలి. చల్లని నీటిని, కాగిన నీటిని మార్చి మార్చి పంపే వేడి తాకిడి పరీక్ష గాస్కెట్ బలహీనతను అన్నిటికంటే ముందు బయటపెడుతుంది కాబట్టి దానిని తొలి నమూనాల మీదే చేయాలి. గడ్డకట్టే చలిలో స్టార్ట్ కావడం, ఎత్తైన కొండ దారుల్లో టర్బో వేగం, వేసవిలో బరువు లాగుతూ చల్లబడడం వాహనంలోనే చూడాలి.

ఉత్పత్తి మొదలయ్యాక కూడా పరిమాణాల మధ్య అటూ ఇటూ మారే అవకాశాన్ని తెరిచే ఉంచాలి. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 2007లో ఫోర్డ్ కుటుంబంలోని 2.4 లీటర్ల ఇంజిన్‌తో వచ్చి, 2012 మోడల్‌లో యూరో 5 కోసం మసి వడపోత ఉన్న 2.2కు మారినప్పుడు, 122 హార్స్‌పవర్ శక్తి, 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఏమాత్రం తగ్గలేదు.