ఐవీఎఫ్ ఫారం మీద సంతకం పెట్టేముందు

హైదరాబాద్‌లో ఫెర్టిలిటీ సెంటర్లలో చాలాకాలం కౌన్సెలర్‌గా పనిచేశాను. ఉద్యోగం మానేసినా బంధువుల పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి "పిన్నీ, ఏ డాక్టర్ మంచిది?" అని అడుగుతుంటారు. డాక్టర్ సంగతి తర్వాత, ముందు కన్సెంట్ (సమ్మతి) ఫారాలు ఇంటికి తెచ్చుకోండి అంటాను. ఐవీఎఫ్ అంటే అండాన్ని ఒంటి బయట ఫలదీకరణ చేసి, వచ్చిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం. మిగిలిన పిండాలు ఏమవ్వాలి, దాత ఎవరు, వద్దనుకుంటే ఎప్పటిదాకా వద్దనొచ్చు... అన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. మనవాళ్లేమో వాటిని ఎగ్ పికప్ (అండాలు బయటికి తీసే) రోజు పొద్దున్నే, ఖాళీ కడుపుతో, టెన్షన్‌లో, నర్సు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసి ఇచ్చేస్తారు.

అందుకే మొదటిరోజే ఖాళీ ఫారాల కాపీ అడగండి. తెలుగులో ఉంటే ఇమ్మనండి, లేకపోతే కూర్చోబెట్టి చదివి చెప్పమనండి. విసుక్కుంటే ఇంకో సెంటర్ చూసుకోండి, కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్ దాకా బోర్డులకేం కొదవ లేదు. బోర్డుకన్నా ముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడాలి. ఇలాంటి సంతాన చికిత్సలకోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద తీసుకున్నదై ఉండాలి, గడువు కూడా చదవండి.

ఇంటికొచ్చాక అత్తమ్మ, వదిన లేని పూట ఇద్దరే కూర్చోండి. ఎక్కువసేపు పట్టేది పిండాల పేజీ. ట్రాన్స్‌ఫర్‌కి, అంటే గర్భాశయంలో పెట్టడానికి, ఒకటో రెండో వాడితే మిగతావి ఫ్రీజ్ చేస్తారు. చట్టం ప్రకారం పదేళ్లకు మించి దాచకూడదు. ఆ తర్వాత వాటిని నశించనివ్వాలి, లేదా మీరు ఒప్పుకుంటే రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. పాప పుట్టాక మిగిలినవి ఏం చేయాలి? ఒకరు పోతే? విడిపోతే? ఇక్కడికి రాగానే మగవాళ్లు "అపశకునం మాటలెందుకు" అని పేజీ తిప్పేస్తారు. తిప్పనివ్వకండి. పిండం గర్భాశయంలోకి వెళ్లేలోపు ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఈ మాట ఆడవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పరు.

పిండాన్ని పారేస్తే పాపమా అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరి నమ్మకం వాళ్లది, అందులో నేను వేలు పెట్టను. అయితే అలా అనిపించేవాళ్లకు ఒక దారి ఉంది. కొన్ని అండాలనే ఫలదీకరణ చేసి, మిగతావి అండాలుగానే ఫ్రీజ్ చేయమని డాక్టర్‌ని అడగొచ్చు. తర్వాత వాడుకునేటప్పుడు కొన్ని దెబ్బతినొచ్చు, మళ్లీ ఖర్చూ ఉంటుంది. అయినా మనసుకు ముల్లు ఉండదు.

ఇక డోనర్ ఎగ్, అంటే వేరే ఆవిడ దానంగా ఇచ్చే అండం. "మన కులం అమ్మాయిదే కావాలి, తెల్లగా ఉండాలి, బీటెక్ చేసి ఉండాలి." పెళ్లిచూపుల లిస్టులా చదివేవారు. నాకు ఒళ్లు మండేది. అడగాల్సింది అది కాదు. ఆమె వయసు 23, 35 మధ్యలో ఉందా? జన్మలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. "ఈమెకు పోయినసారి కూడా బాగా వచ్చాయి" అని సెంటర్‌వాళ్లు మురిసిపోతూ చెప్తే అక్కడే ఆగండి. ఆ ఇంజెక్షన్లు, ఆ మత్తు, కడుపు ఉబ్బరం ఆమె కూడా పడుతుంది. అందుకే ఆమెకు 12 నెలల ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి. పాలసీ కాగితం చూపించమనండి.

పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో మీ సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. బిడ్డకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం ట్రీట్‌మెంట్‌కి ముందే తేల్చుకోండి. నా మటుకు నేను చిన్నప్పుడే చెప్పమంటాను. చుట్టాలకు చెప్పి బిడ్డకు దాచడం అన్నిటికన్నా చెడ్డది. ఏదో ఒక పెళ్లిలో, ఏదో ఒక గొడవలో ఎవరో ఒకరు అనేస్తారు.

"అబ్బాయే కావాలంటే చూద్దాం" అన్నచోట కూర్చోకండి, అది నేరం. వయసు ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 దాటితే ఈ చికిత్స చేయకూడదు. 2019లో గుంటూరులో 70 దాటినావిడకు కవలలు పుట్టారు కదా అంటారు, అప్పటికి ఈ చట్టం రాలేదు.

సరోగసీకి, అంటే వేరే ఆవిడ మీ బిడ్డను కడుపులో మోసి కనివ్వడానికి, "ప్యాకేజీ" రేటు చెప్పినా లేచి వచ్చేయండి. వైద్య ఖర్చులు, ఇన్సూరెన్స్ తప్ప ఆ మోసే ఆవిడకు డబ్బిచ్చి చేయించకూడదు. 2025లో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో, సరోగసీ బిడ్డ అని ఒక జంట చేతిలో పెట్టిన శిశువు డీఎన్‌ఏ వాళ్లతో కలవనే లేదు.

అంతా అయ్యాక ఏమేం చేశారో రాసిన డిశ్చార్జ్ సర్టిఫికెట్ తీసుకోండి. సంతకం పెట్టిన ప్రతి పేజీ కాపీ దాచండి, ఎన్ని పిండాలు ఫ్రీజ్ చేశారో రాయించుకోండి. తేడా వస్తే ముందు సెంటర్‌లోని ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫైల్లో ఫోన్ నంబర్ దగ్గర మామూలుగా భర్తది ఒక్కటే ఉంటుంది. స్టోరేజీ ఫీజు మెసేజ్‌లు దానికే వస్తాయి. భార్య నంబర్ కూడా రాయించండి.