బెండ మొక్క మధ్యాహ్నానికి వాడిపోతోందా? నీళ్ళు పోసే ముందు ఒకటి పీకి వేరు చూడండి

బెండ ఎండకు బెదిరే మొక్క కాదు. పత్తి, గోంగూర కుటుంబానిదే. ఫిబ్రవరిలో గింజ పెడితే ఏప్రిల్, మే ఎండల్లో కూడా కాయ ఇస్తూనే ఉంటుంది. అలాంటిది మధ్యాహ్నానికి తల వాల్చేస్తే "ఎండలు మండిపోతున్నాయి కదండీ" అని తేల్చేసి, పూటకోసారి నీళ్ళు పోసేవాళ్ళే ఎక్కువ. తర్వాత ఫోటోలు పంపి ఏ మందు కొట్టాలని అడుగుతారు. ఆకు ఫోటో వస్తుంది, పువ్వు ఫోటో వస్తుంది, కాయ ఫోటో వస్తుంది. వేరు ఫోటో మాత్రం రాదు.

నీళ్ళు ఎప్పుడు పెట్టాలో, పశువుల ఎరువు ఎంత వేయాలో మీకు తెలుసనుకునే ఇది రాస్తున్నాను. తేలికగా తేలేవి ముందు చెప్పేస్తాను.

గింజ మొలవడం లేదు

ప్యాకెట్ పాతదై ఉంటుంది, లేదా లోతుగా పెట్టి ఉంటారు. రెండు సెంటీమీటర్ల లోతు చాలు. పైపొర గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టి పొద్దున పెట్టండి. రంగు పూసిన విత్తనమైతే నానబెట్టకండి, పట్టించిన మందు కడుక్కుపోతుంది. అనుమానంగా ఉంటే పది గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూడండి. నాలుగైదు రోజులకు సగం కూడా మొలకెత్తకపోతే తప్పు మీ నేలది కాదు.

పూత రాలిపోతోంది

చాలాసార్లు అది అసలు పూత రాలడం కాదు. బెండ పువ్వు పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. మర్నాడు రేకులు కింద పడితే కంగారు పడకుండా కొమ్మ మీద పిందె ఉందో లేదో చూడండి. ఉంటే అంతా బాగున్నట్టే. మొగ్గ తొడిమతో సహా రాలుతుంటే ఎండ ఎంతుందో చూడండి. 42 డిగ్రీలు దాటితే బెండ పూత నిలవదు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో ఇది మామూలే, కాస్త చల్లబడ్డాక మళ్ళీ నిలుస్తుంది. ఆకులు ముదురాకుపచ్చగా ఏపుగా పెరుగుతూ మొగ్గే వేయకపోతే యూరియా ఎక్కువైంది. ఆపేయండి.

కాయలు పీచు పట్టాయి

ఆలస్యంగా కోస్తున్నారు, అంతే. పువ్వు విచ్చిన ఐదారు రోజులకు కాయ కోతకొస్తుంది. రోజు విడిచి రోజు కోయాలి. ఆకుల చాటున ఒక ముదురు కాయ మిగిలిపోయినా కొత్త పూత తగ్గుతుంది.

ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి

ఏ భాగం పసుపైందో చూడకుండా మందు కొనకండి. ఈనెలు పసుపెక్కి మధ్యభాగం పచ్చగా ఉంటే అది శంఖు రోగం, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్కకు మందు లేదు. పీకి పూడ్చేయండి, మిగతా వాటి దగ్గర పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి, వచ్చే పంటకు అర్క అనామిక, పర్భని క్రాంతి లాంటి తట్టుకునే రకం వేసుకోండి. దీనికి పూర్తిగా తలకిందులుగా, లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుము లోపం. ఆకు అంచులు పసుపై, తర్వాత ఎర్రబడి పైకి ముడుచుకుంటే పచ్చదోమ. ఆకు తిప్పితే సన్నటి ఆకుపచ్చ పురుగులు ఏటవాలుగా పక్కకు పరిగెడతాయి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి ఆకుల అడుగున తడిసేలా సాయంత్రం పూట కొట్టండి.

మధ్యాహ్నం వాడుతోంది, సాయంత్రానికి తేరుకుంటోంది

అసలు గొడవంతా ఇక్కడే. మడి అంతా కాదు, ఒక మూల నాలుగైదు మొక్కలు గిడసబారతాయి. ఆకులు వెలిసినట్టుంటాయి. కాయ చిన్నదవుతుంది. యూరియా వేస్తే నాలుగు రోజులు పచ్చబడి మళ్ళీ మొదటికొస్తుంది. ఆకు తిప్పి చూస్తే పురుగు కనపడదు. మట్టిలో వేలు గుచ్చి చూడండి. తడి తగులుతున్నా మొక్క వాడుతోందంటే కొరత నీళ్ళది కాదు, తాగే వేరుది.

ఇప్పుడు ఒక మొక్క తీయండి. పూర్తిగా చచ్చినదాన్ని తీయకండి, దాని వేళ్ళు కుళ్ళి ఏమీ తేలదు. సగం డీలాపడ్డదాన్ని ఎంచుకోండి. మొదలు పట్టి లాగితే పిల్లవేళ్ళు మట్టిలోనే తెగిపోతాయి, మనం చూడాల్సింది వాటినే. మట్టి తడిపి, చుట్టూ గునపంతో వదులు చేసి, మట్టిగడ్డతో సహా పైకెత్తి బకెట్ నీళ్ళలో జాడించండి. వేళ్ళు పూసలు గుచ్చినట్టు ఉబ్బి కనిపిస్తే అది వేరుబుడిపె నులిపురుగు.

"బుడిపెలు మంచివేగా, నత్రజని ఇస్తాయిగా" అని వాదించినవాళ్ళు కూడా ఉన్నారు. అవి పెసర, అలసంద లాంటి పప్పుజాతి మొక్కల్లో వస్తాయి, బెండకు రావు. తేడా గోటితో తేలిపోతుంది. పెసర బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, గీరితే ఊడొస్తుంది, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగుదైతే వేరు తానే ఉబ్బిపోతుంది, గీరినా ఊడదు.

ఈ పురుగు కంటికి కనపడదు. పిల్ల పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొసలోంచి దూరి లోపలే స్థిరపడి తింటుంది. దాని చుట్టూ వేరు కణాలు విపరీతంగా పెరిగి, నీళ్ళు పైకెక్కే దారులు మెలికలు పడతాయి. పొద్దున సరిపోయిన నీరు మధ్యాహ్నం ఎండకు చాలదు. ఒక్కో ఆడపురుగు మూడు నాలుగు వందల గుడ్లు పెడుతుంది, వేడి నేలలో నెల తిరక్కుండానే కొత్త తరం తయారు. అందుకే వేసవి పంటలో, అందులోనూ ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో, ఇది ఇంత త్వరగా ముదురుతుంది.

వచ్చేది ఎక్కువగా నారుతోనూ మట్టితోనూ. నా మడిలోకి ఒక నర్సరీ నుంచి తెచ్చిన వంగ నారు వేళ్ళతో దిగింది. వంగ బాగానే కాసింది, పైకి ఏ అనుమానమూ రాలేదు. దాని తర్వాత వేసిన బెండ మాత్రం మోకాలెత్తు దాటలేదు. మిద్దెతోటల్లో అయితే టమాటా తీసేసిన గ్రోబ్యాగ్ మట్టిలోనే బెండ పెట్టడం వల్ల వస్తుంది.

ఉన్న పంటకు వైద్యం లేదు. కాలం నెట్టుకురావడమే. కొంచెం కొంచెం నీళ్ళు తరచుగా ఇచ్చి, మొదలు చుట్టూ వర్మీకంపోస్టు వేసి మట్టి ఎగదోసి, పైన ఎండుగడ్డి కప్పితే మరికొన్ని కోతలు దక్కుతాయి. కార్బోఫ్యురాన్ గుళికలు వేయమని చెప్పేవాళ్ళుంటారు. రోజు విడిచి రోజు కోసుకు తినే కాయకు అంత విషం నేను వేయను.

పంట అయ్యాక మొక్కను మొదలు దగ్గర కోసి వదిలేయకండి. గుడ్లు చాలావరకు వేళ్ళనే అంటిపెట్టుకుని ఉంటాయి. వేళ్ళతో సహా తవ్వి, ఎండబెట్టి కాల్చేయండి, కంపోస్టు గుంతలో వేయొద్దు. ఆ తర్వాత మన మే నెల ఎండను వాడుకోండి. మడిని తవ్వి, బాగా తడిపి, పల్చటి పారదర్శక పాలిథీన్ పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. పారదర్శకంగా ఉండేదే కావాలి, నల్లదానికి అంత వేడి దిగదు.

విత్తడానికి రెండు మూడు వారాల ముందు వేపపిండి చదరపు మీటరుకు ఒకటి రెండు గుప్పెళ్ళు కలిపి తడపండి. ఎకరాల్లో వేసేవాళ్ళు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం పొడి) కలిపి, నీడలో వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచి చల్లుతారు. మిద్దెతోటకు అదే పాళ్ళు తగ్గించుకుంటే సరి.

బంతి పనిచేస్తుంది, కానీ గట్టు మీద నాలుగు మొక్కలు పెడితే అలంకారమే. మడి నిండా ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు ఉంచి, అక్కడే కలియదున్నాలి. టమాటా, వంగ, మిరప, దోస తీసిన చోట వెంటనే బెండ వేయకండి. మధ్యలో నువ్వులో వేరుశనగో ఒక పంట తీయండి.

వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి, అయినా వాడుతోంది

కాండాన్ని నేలకు జానెడు ఎత్తులో నిలువుగా చీల్చండి. లోపల గోధుమరంగు చార ఉంటే ఎండుతెగులు. పీకేసి, ఆ చోట కొన్నాళ్ళు బెండ వేయకండి. వేళ్ళు నల్లబడి వాసన వస్తుంటే నీరు నిలుస్తోంది. మొక్క బాగుండి మొవ్వు ఒక్కటే వాలితే లోపల తొలుచుపురుగు ఉంది, ఆ కొస తుంచి నలిపేయండి.

ఇక ఆకుల మీద బూడిద పూసినట్టుండటం ఎక్కువగా చలికాలపు సంగతి, వేసవిలో దాని గురించి అంతగా ఆలోచించక్కర్లేదు. అక్కడక్కడ కాయ వంకర తిరిగినా అంతే, కూరకు అదీ పనికొస్తుంది.