మెదడు రక్తనాళాలు, ఇంట్లోనే నేర్చుకుందాం – పాఠం 4: ఒక్క రక్తపు గడ్డ, రెండు వైపులా దెబ్బ

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి. ఒకాయనకు కుడి చెయ్యి లేవట్లేదు, కుడి కాలు కాస్త ఈడుస్తున్నాడు, మూతి పక్కకు పోయింది, మాట రావట్లేదు. మూసుకుపోయింది ఏ ధమని? ఎడమ మిడిల్ సెరిబ్రల్ ధమని, అంటే మెదడు పక్క భాగానికి రక్తమిచ్చేది. చాలామందికి సరిగ్గానే వచ్చుంటుంది. ఎందుకంటే ఇప్పటిదాకా మనం పట్టుకున్న సూత్రం ఒక్కటే: మెదడులో ఒక పక్క దెబ్బ తగిలితే ఒంట్లో రెండో పక్క పడిపోతుంది. ఈ సూత్రం చేతులెత్తేసే చోటు ఇవాళ చూద్దాం.

కాగితం, పెన్సిల్, రబ్బరు తీసుకోండి. మొదటి పాఠంలో వేసిన విల్లిస్ వలయం, అదే మెదడు అడుగున ధమనులు కలుసుకునే ఉంగరం, మళ్లీ వెయ్యండి. 1664లో ఇంగ్లిష్ వైద్యుడు థామస్ విల్లిస్ దాన్ని వర్ణించినప్పుడు బొమ్మలు వేసిపెట్టింది క్రిస్టొఫర్ రెన్, తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌కు ప్లాన్ గీసిన ఆయనే. బొమ్మ ముచ్చటగా ఉంటుంది. మనుషుల తలల్లో మాత్రం అంత పొందిగ్గా ఉండదు. ఒకరికి ఒక కొమ్మ దారంలా సన్నగా ఉంటుంది, ఇంకొకరికి అసలు ఉండనే ఉండదు. అయినా ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు, గడ్డ వచ్చి అడ్డం పడేదాకా.

వలయం వెనక భాగానికి రండి. వెనక వైపు నుంచి రక్తం తెచ్చే బేసిలార్ ధమని పైకొచ్చి రెండు పోస్టీరియర్ సెరిబ్రల్ (వెనక మెదడు) ధమనులుగా చీలుతుంది. చీలిన చోటికి దగ్గర్లోనే ఒక్కోదాని నుంచి వెంట్రుకల్లాంటి కొమ్మలు పైనున్న థాలమస్‌లోకి (మెదడు లోతున, మధ్యగీతకు చెరో పక్క ఉండే ముద్ద) వెళ్తాయి. ఎడమవి ఎడమకి, కుడివి కుడికి. గీశారా? ఇప్పుడు ఎడమ వైపు కొమ్మలు రబ్బరుతో చెరిపెయ్యండి. కుడి వైపు ఒకే కాడ పెట్టి, పైకి వెళ్లాక దాన్ని రెండుగా చీల్చి, రెండు థాలమస్‌లకూ అందించండి. దీన్నే పెర్షెరాన్ ధమని అంటారు. ఫ్రెంచి వైద్యుడు పెర్షెరాన్ 1973లో దీన్ని వివరించాడు. ఆ కాడ మొదట్లో చిన్న గడ్డ ఇరుక్కుందనుకోండి, ఏమవుతుంది?

అభ్యాసం కోసం ఒక కేసు అల్లాను. 60 ఏళ్లాయన పొద్దున ఎంతకీ లేవలేదు. గట్టిగా తట్టి పిలిస్తే కళ్లు తెరిచి, ముక్తసరిగా ఒక మాట అని మళ్లీ నిద్రలోకి జారిపోతున్నాడు. చేతులూ కాళ్లూ ఆడుతున్నాయి, మూతి వంకర లేదు. షుగర్ మామూలుగానే ఉంది. సీటీ నార్మల్. 'రాత్రి నిద్రమాత్ర ఎక్కువ వేసుకున్నాడేమో' అని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు.

డాక్టరు ఆయన రెప్పలెత్తి పట్టుకుని, వేలు చూపించి దాని వెంట చూడమన్నారు. కళ్లు కుడికి వెళ్లాయి, ఎడమకి వెళ్లాయి. పైకి మాత్రం వెళ్లలేదు. కిందికీ సరిగ్గా దిగలేదు.

కేసంతా ఇక్కడే ఉంది. మనల్ని మెలకువగా ఉంచే పనిలో థాలమస్ నడిమి భాగానికి పెద్ద వాటా ఉంది. ఆ పక్కనే కింద, మిడ్‌బ్రెయిన్ (మెదడు కాండంలో పై భాగం) పైకొసలో, కళ్లను పైకీ కిందికీ తిప్పే కేంద్రం ఉంది. పెర్షెరాన్ కాడ చాలాసార్లు దానికీ రక్తం ఇస్తుంది. అందుకే మత్తూ, కళ్లు పైకి ఎత్తలేకపోవడం కలిసి వస్తాయి. తేరుకున్నాక మూడోది బయటపడుతుంది: కొత్త విషయాలు గుర్తుండవు.

తొలి గంటల్లో సీటీ మామూలుగా కనబడటం స్ట్రోక్‌లో (మెదడుకు రక్తం ఆగిపోయే జబ్బులో) కొత్తేం కాదు. కాబట్టి 'సీటీ నార్మల్' అన్న మాట వినగానే ఊరట పడిపోకండి. రక్తం అందక కొత్తగా దెబ్బతిన్న చోటును తెల్లగా చూపే ఎమ్మారై డిఫ్యూజన్ చిత్రంలో మధ్యగీతకు చెరో పక్క తెల్లటి మచ్చ కనబడుతుంది. అయితే రెండు థాలమస్‌లూ తెల్లబడ్డాయి కదా అని వెంటనే పెర్షెరాన్ అనేయకూడదు. బేసిలార్ కొసలో గడ్డ పడితే వెనక భాగంలోనూ, చిన్నమెదడులోనూ మచ్చలుండే అవకాశం ఎక్కువ. లోపలి సిరలు మూసుకుపోతే థాలమస్‌లు ఉబ్బిపోతాయి, ఆ వాపు ధమనుల సరిహద్దులు పట్టించుకోదు. తలనొప్పి కొన్ని రోజుల ముందు నుంచే ఉండొచ్చు. అందుకే మచ్చ చూశాక దాని చుట్టుపక్కల కూడా చూడాలి.

వలయం ముందు భాగంలోనూ ఇలాంటి తమాషా ఉంది. కొందరికి, కాళ్లను ఆడించే భాగానికి రక్తమిచ్చే రెండు యాంటీరియర్ సెరిబ్రల్ ధమనులు కలిసి ఒకే కాడగా పైకి వెళ్తాయి. అది మూసుకుపోతే రెండు కాళ్లూ ఒకేసారి పడిపోవచ్చు. చూసినవాళ్లు వెన్నుపాము జబ్బనుకుంటారు. మనిషి ఉన్నట్టుండి ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయాడా అని అడిగితే దారి దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఇదంతా నేర్చుకోవడానికే. ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా ఇలా మత్తులోకి జారితే కళ్లు పరీక్షిస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు.

ఈసారి లెక్క: ఒకామెకు కుడి ఆక్సిపిటల్ భాగం (మెదడు వెనక కొసన చూపును చూసుకునేది) దెబ్బతింది, ఎడమ పక్క చూపు పోయింది. గుండె బాగుంది. మెడ వెనక నుంచి ఎక్కే వెర్టిబ్రల్ ధమనులు, అవి కలిసి ఏర్పడే బేసిలార్ ధమని శుభ్రంగా ఉన్నాయి. మెడ ముందు నుంచి మెదడుకు ఎక్కే కుడి కెరోటిడ్ ధమని మాత్రం బాగా ఇరుకైపోయింది. ముందు ధమనిలోని గడ్డ వెనక మెదడుకు ఏ దారిన పోయింది? మొదటి పాఠంలో, ముందునీ వెనకనీ కలుపుతూ సన్నగా ఒక గీత గీశాం. దాన్ని లావుగా దిద్ది చూడండి.