ముసలి కుక్కను, పిల్లిని బాధ లేకుండా పంపించాలా? ఎలా నిర్ణయించుకోవాలి

12, 13 ఏళ్లు ఇంట్లో తిరిగిన కుక్క లేవలేని స్థితికి వచ్చి, డాక్టరు చేత ఇంజెక్షన్ ఇప్పించి బాధ లేకుండా పంపిద్దామా అనే ప్రశ్న ఎదురైతే వరంగల్, హనుమకొండ ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "దానంతట అదే పోనీ, మన చేతుల మీదుగా ఎందుకు?" ఆ మాటలో ప్రేమా ఉంది, పాపభీతీ ఉంది. అయితే దానంతట అది పోవడమంటే నిద్రలో హాయిగా పోవడమని అనుకోకండి. కిడ్నీలు చెడిన పిల్లి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్క రోజుల తరబడి నరకం చూసి పోతాయి. ఆగుదాం అనుకోవడం కూడా ఒక నిర్ణయమే, ఆ రోజులన్నీ అనుభవించేది మాత్రం ఆ మూగజీవి. కాబట్టి మన దుఃఖాన్ని కాసేపు పక్కన పెట్టి, దానికి రోజు ఎలా గడుస్తోందో చూడాలి.

ముందు నయమయ్యే జబ్బేమో తేల్చుకోండి

వయసు మీద పడిందని మనం సరిపెట్టుకునేవాటిలో కొన్ని మందులకు లొంగే జబ్బులే. గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరంతో కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, చావుకు దగ్గరైనట్టే కనిపిస్తుంది. రక్తపరీక్షలో సకాలంలో బయటపడితే చాలావరకు కోలుకుంటుంది. గిన్నె దాకా ఆత్రంగా వచ్చి, వాసన చూసి వెనక్కి తిరిగే కుక్కకు పన్ను కుళ్లి ఉండవచ్చు. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి.

రక్తపరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష), అవసరమైతే ఎక్స్‌రే, స్కానింగ్ అయ్యాకే మిగతా మాట. ఒక డాక్టరు చెప్పింది మనసుకు ఎక్కకపోతే మొహమాటపడకుండా ఇంకొకరికి చూపించండి. వరంగల్ పక్కన మామునూరులో, జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. డాక్టరును సూటిగా అడగండి: ఇది తగ్గేదేనా? వైద్యం చేయిస్తే దీని రోజులు ఎలా ఉంటాయి? చేయించకపోతే ఎలా పోతుంది? మీ ఇంట్లో కుక్కయితే ఏం చేస్తారు?

నొప్పిని గుర్తుపట్టండి

అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. నొప్పి ఉన్న కుక్క రాత్రంతా గదిలో తిరుగుతుంది, ఒకచోట పడుకోలేదు. చలికాలంలో కూడా నాలుక బయటపెట్టి రొప్పుతుంది. ఒకేచోట పదేపదే నాకుతుంది. పిల్లయితే బీరువా వెనకో మంచం కిందో చేరి, ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది, వెంట్రుకలు అట్టలు కడతాయి. గుర్రుమంటోంది కదా, హాయిగానే ఉందిలే అనుకోవద్దు. బాధలో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది.

పడుకున్న కుక్క లేవబోయేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి. ముందుకాళ్లు ఆనించి, నడుము లేపబోయి, టైల్స్ మీద పాదాలు జారి, ఆగి, మన వైపు చూసి మళ్లీ ప్రయత్నిస్తుంది. అక్కడ గోనెసంచి పరచండి. పరిస్తే లేచిందంటే ఇబ్బంది చాలావరకు నేలతోనే, కీళ్ల నొప్పులకు మందులూ ఉన్నాయి. పరిచినా కూలబడుతోందా, లేచేలోపే మూత్రం పోయి ఆ తడిలోనే పడుకుండిపోతోందా, నేలకు ఆనిన తుంటి దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు పడిందా? అప్పుడు సంగతి వేరు.

నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతోందో ఒక నిమిషం లెక్కపెట్టండి. 30 దాటుతూనే ఉంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. నొప్పి తగ్గుతుందని మన మందులు మాత్రం వేయకండి. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఇబుప్రొఫెన్‌తో కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

గోడ క్యాలెండర్ మీద రాయండి

రోజూ చూసే కళ్లకు క్షీణత తెలియదు. అమెరికాకు చెందిన పశు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానం ఇచ్చారు. నొప్పి (ఊపిరి ఇబ్బంది కూడా ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అనేవి అందులోని 7 అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు. పరిస్థితి బాగుంటే ఎక్కువ, బాగా లేకుంటే తక్కువ వేయాలి. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చని ఆమె లెక్క. అది అంతిమ తీర్పు కాదు, కానీ ఇంట్లో ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు దేన్ని చూడకుండా తప్పించుకుంటున్నారో బయటపడుతుంది.

క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలో రాత్రి ఒక గుర్తు పెట్టండి, మంచి రోజుకు ఒకటి, చెడ్డ రోజుకు ఒకటి. దానికి ఇష్టమైన పనులు నాలుగు పక్కన రాయండి: గేటు చప్పుడుకు ఎదురెళ్లడం, పెరుగన్నం, వీధి చివరి దాకా నడక, నానమ్మ కాళ్ల దగ్గర కునుకు. వాటిలో ఎన్ని మిగిలాయో చూస్తూ ఉండండి. ఎక్కడ ఆగాలో మనసు కుదురుగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి. ఆ గీత దాటిన రోజు దాన్ని ఇంకొంచెం జరపాలనిపిస్తుంది. జరపకండి.

ఊపిరి అందక చిగుళ్లు నీలమైనా, ఫిట్స్ ఆగకుండా వస్తున్నా, పిల్లికి మూత్రం బిగదీసినా క్యాలెండర్‌తో పనిలేదు, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అకస్మాత్తుగా స్వభావం మారి, చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే నోట్లో చెయ్యి పెట్టకండి, రేబిస్ అనుమానం ఉందని ముందే చెప్పండి.

ఇంట్లో మాట కలవకపోతే

దసరా వెళ్లాక చూద్దాం, అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాక చూద్దాం అంటూ వాయిదాలు పడుతుంటాయి. ఒకటి రెండు రోజులైతే సరే. అంతకు మించితే వీడియో కాల్‌లో చూపించండి. రాత్రిళ్లు లేచి పక్క మార్చేవారి మాటకే ఎక్కువ విలువ ఉండాలని నా అభిప్రాయం. ఖర్చు భరించలేకపోవడం కూడా చెప్పుకోదగ్గ కారణమే, డాక్టరు ముందు దాచకండి.

పాపమని నమ్మేవారిని నొప్పించవద్దు. ఇంజెక్షన్ వద్దనుకుంటే ఆ ఇంటికి పని పెరుగుతుంది: డాక్టరు ఇచ్చిన నొప్పి మందు వేళకు పడాలి, కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి, ఒళ్లు పొడిగా ఉంచాలి, సెలైన్ ఎక్కించాలి. ఇవేవీ చేయకుండా మూలన వదిలేయడం దయ కాదు. ఏ గుడి దగ్గరో హైవే పక్కనో దించి రావడం అంతకన్నా ఘోరం. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఆ రోజు

ఇంటికి రాగలరా అని డాక్టరును అడగండి. దవాఖానకే తీసుకెళ్లాల్సి వస్తే, ఎండాకాలంలో పొద్దున్నే బయలుదేరండి. ఏ మందు ఇస్తారో ముందే అడిగి తెలుసుకోవడం మీ హక్కు. మొదట మత్తు, తర్వాత నరంలోకి పెంటోబార్బిటాల్ లేదా థయోపెంటాల్ లాంటి మత్తుమందు అధిక మోతాదులో ఇవ్వాలి. క్షణాల్లో స్పృహ పోతుంది, నిమిషాల్లో గుండె ఆగుతుంది. కొన్నిచోట్ల మెగ్నీషియం సల్ఫేట్ వాడతారు. గాఢమైన మత్తులో ఉన్నప్పుడే దాన్ని ఇవ్వాలి, స్పృహలో ఉన్న జంతువుకు ఇవ్వనివ్వకండి. ప్రాణం పోయాక కళ్లు తెరిచే ఉండవచ్చు, మూత్రం పోవచ్చు, ఒకటి రెండుసార్లు ఊపిరి లాగినట్టు కదలిక రావచ్చు. అది బాధ కాదు. ఉండగలిగితే తల దగ్గర ఉండండి, ఉండలేనివారిని బలవంతపెట్టకండి.

తర్వాత చేయాల్సినవి

సొంతూళ్లో పొలం ఉంటే బావికి, బోరుకు, చెరువుకు దూరంగా కనీసం 4 అడుగుల గుంత తీసి పూడ్చండి. ఇచ్చిన మందు శరీరంలో మిగిలే ఉంటుంది, పైపైన పూడిస్తే వీధికుక్కలు తవ్వి తిని చనిపోవచ్చు. నగరంలో స్థలం లేనివారు మున్సిపల్ సిబ్బందితో ముందే మాట్లాడుకోవాలి.

పిల్లలకు "నిద్రపోయింది", "పారిపోయింది" అని చెప్పకండి. నిద్ర అంటే భయపడతారు, లేదా వెతుకుతారు. చనిపోయిందనే చెప్పండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే కొన్నాళ్లు వాసన చూస్తూ తిరుగుతుంది, తిండి తగ్గిస్తుంది. రెండు రోజులు దాటినా ముట్టకపోతే డాక్టరుకు చూపించండి. పిల్లి విషయంలో అంతకన్నా తొందరపడాలి, తిండి మానేస్తే దాని కాలేయం త్వరగా దెబ్బతింటుంది.